రూబెన్స్ హిప్పో వేట బొమ్మని ఆయిల్‌లో కాపీ చేయడం ఎలా: కాన్వాస్ కొనడం నుంచి వార్నిష్ దాకా

వేట బొమ్మల కాపీ మొదలుపెట్టి సగంలో అటకెక్కించినవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. ఇన్ని జంతువులు, ఇంతమంది మనుషులు, అసలు ఎక్కడ మొదలుపెట్టాలండీ అని. చాలామంది ఒక గుర్రం తల పట్టుకుని దాన్నే వారం రోజులు నున్నగా ఫినిష్ చేసుకుంటూ కూర్చుంటారు, ఆ తర్వాత పక్కన హిప్పో వేస్తే రెండూ వేరే వేరే బొమ్మల్లోంచి కత్తిరించి అంటించినట్టు ఉంటాయి, దాంతో విసుగొచ్చి వదిలేస్తారు. అందుకే ఈ గైడ్ మొత్తం ఒక్క రూల్ మీద నడుస్తుంది: ఏ జంతువునీ విడిగా పూర్తి చెయ్యొద్దు, బొమ్మంతా ఒకేసారి లేవాలి.

నేను తీసుకున్నది పదిహేడో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ వేసిన హిప్పో, మొసలి వేట. 1615-16 నాటిది, మ్యూనిక్‌లో ఆల్టె పినకోటెక్ మ్యూజియంలో ఉంది. ఇందులో సింహాలూ పులులూ లేవు, మధ్యలో ఒకే ఒక పెద్ద ఒళ్ళు ఉంది కాబట్టి మొదటిసారి వేట బొమ్మ వేసేవాళ్ళకి ఆయన మిగతా వేటల కంటే ఇదే నయం. తెలుగులో నీటిగుర్రం అనొచ్చు కానీ బొమ్మలో మామూలు గుర్రాలు మూడున్నాయి, కన్ఫ్యూజన్ లేకుండా హిప్పో అనే అంటాను.

1. సైజ్ తేల్చుకోండి

ఒరిజినల్ ఎత్తు 248 సెంటీమీటర్లు, వెడల్పు 321. ఈ నిష్పత్తి తప్పితే బొమ్మ ఇరుకైపోతుంది, గుర్రాలు సన్నబడతాయి, అందుకని కాన్వాస్ కొనేముందే లెక్క చూసుకోండి.

- కొలత ఇచ్చి ఫ్రేమ్ కట్టించుకునేవాళ్ళు 17×22 ఇంచిలు చెప్పండి, నిష్పత్తి సరిగ్గా కుదురుతుంది. పెద్దది కావాలంటే 24×31.
- రెడీమేడ్ 18×24 ఐతే వెడల్పులో సుమారు 0.7 ఇంచి ఎక్కువొస్తుంది. రెండు పక్కలా సగం సగం వదిలి టేప్ వేసుకోండి, తర్వాత ఫ్రేమ్ అంచు కింద చాలావరకు దాగిపోతుంది.
- రెడీమేడ్ 24×30 ఐతే ఎత్తులో 0.8 ఇంచి వదలాలి.

17×22 కంటే చిన్నది వద్దు. ముఖాలు మరీ చిన్నవైపోయి సన్న బ్రష్‌తో గీకడమే పనవుతుంది, అలా వేస్తే ఈ బొమ్మ నేర్పేదేదీ చేతికి రాదు.

2. రిఫరెన్స్ ఫొటో

నెట్‌లో ఈ బొమ్మకి పసుపెక్కినవి, నీలంగా ఉన్నవి, అంచులు కోసేసినవి అన్నీ దొరుకుతాయి. పినకోటెక్ వాళ్ళ సొంత ఆన్‌లైన్ కలెక్షన్‌లో ఉన్నదాన్ని ఆధారంగా పెట్టుకుని, మిగతావి డీటెయిల్ కోసం మాత్రమే చూడండి. ఎత్తుని వెడల్పుతో భాగిస్తే 0.77 రావాలి, రాకపోతే ఎవరో క్రాప్ చేశారని అర్థం.

రెండు ప్రింట్లు తీయించండి, ఒకటి కలర్, ఒకటి బ్లాక్ అండ్ వైట్. మొదటి సగం పనికి బ్లాక్ అండ్ వైట్ ప్రింటే ఎదురుగా ఉండాలి, కలర్‌ది సొరుగులో పెట్టేయండి. ఫోన్ చూసి వేసేవాళ్ళు ఆటో బ్రైట్‌నెస్ ఆఫ్ చేసుకోండి, లేకపోతే పొద్దున ఒక రంగు సాయంత్రం ఒక రంగు కనిపిస్తుంది.

ఇంకో మాట, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఒకసారి నెహ్రూ జూకి వెళ్ళి హిప్పోనీ మొసలినీ స్కెచ్ చేసుకొస్తే చాలా లాభం. హిప్పో పగలంతా నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి ఓపిక కావాలి, మెడ దగ్గర మడతలూ, తడి చర్మం మీద వెలుగు పడే తీరూ ఫొటోలో అందవు. మొసలి విషయంలో మాత్రం జాగ్రత్త, మన దగ్గర ఎక్కువగా కనిపించే మగ్గర్ మొసలికి మూతి బాగా వెడల్పు, బొమ్మలోది నైలు మొసలి, దాని మూతి ఇంకా పొడుగ్గా సన్నగా ఉంటుంది. స్కెచ్ కాళ్ళకీ చర్మానికీ వాడుకోండి, మూతి మాత్రం రిఫరెన్స్ చూసే వెయ్యండి.

3. సామాన్లు

రంగులు పదే చాలు, సెట్ మొత్తం కొనక్కర్లేదు:

- టైటానియం వైట్ (పెద్ద ట్యూబ్)
- యెల్లో ఓకర్
- నేపుల్స్ యెల్లో హ్యూ
- వెర్మిలియన్ హ్యూ
- అలిజరిన్ క్రిమ్సన్
- బర్న్ట్ సియెన్నా
- రా అంబర్
- బర్న్ట్ అంబర్
- అల్ట్రామెరీన్
- ఐవరీ బ్లాక్

రూబెన్స్ కాలంలో తెలుపు అంటే లెడ్ వైట్, అది సీసం, విషం. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఆ ఒరిజినాలిటీ జోలికి పోవద్దు. టైటానియం వైట్ దానికంటే చల్లగా ఉంటుంది, పక్క రంగుల్ని మింగేస్తుంది కూడా, కాబట్టి ప్యాలెట్ మీద పెట్టగానే అందులో చిటికెడు ఓకర్ కలిపి ఉంచుకోండి.

మిగతావి:

- హాగ్ బ్రష్‌లు (గట్టి పంది వెంట్రుకలవి), ఫ్లాట్ 4, 8, 12 నంబర్లు, ఫిల్బర్ట్ (కొస గుండ్రంగా ఉండేది) 6
- మెత్తటి రౌండ్ బ్రష్ 2, పొడుగు వెంట్రుకల రిగ్గర్ ఒకటి
- ఆర్టిస్ట్ క్వాలిటీ లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్
- చార్‌కోల్, ట్రేసింగ్ పేపర్
- పాత కాటన్ గుడ్డలు బోలెడు
- చివర గుడ్డ ఉండ కట్టిన రెండడుగుల కర్ర, చెయ్యి ఆనించుకోవడానికి

హార్డ్‌వేర్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ కొనకండి, అది తలుపులకి, కొన్నాళ్ళకి బొమ్మని నల్లబరుస్తుంది. లక్కర్ పెయింట్లకి వాడే ఎన్‌.సి. థిన్నర్ అసలే వద్దు.

అన్నిటికంటే ముఖ్యం, లిన్సీడ్ ఆయిల్ పట్టిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. మే నెలలో మన ఎండలకి ఇంకా భయం. పని అవగానే బయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేసేయండి.

4. కాన్వాస్‌కి బేస్ వెయ్యడం

రెడీమేడ్ కాన్వాస్ ఐనా సరే ఇంకో రెండు కోట్లు జెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్లటి ప్రైమర్) వెయ్యండి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ప్రతి కోటూ ఆరాక 220 నంబర్ సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి.

ఆ తర్వాత తెల్లదనం చంపాలి. రా అంబర్‌లో కొంచెం బ్లాక్, కొంచెం వైట్ కలిపి పల్చగా చేసి, వెడల్పాటి బ్రష్‌తో ఏటవాలుగా చారలు చారలుగా లాగండి. నున్నగా సమంగా రానక్కర్లేదు, చారలు కనిపించాలి. రూబెన్స్ చెక్క పలకల మీద వేసిన స్కెచ్‌లలో ఈ గ్రే-బ్రౌన్ చారలు పై రంగుల మధ్యలోంచి తొంగిచూస్తూనే ఉంటాయి.

తొందరున్నవాళ్ళు ఈ ఒక్క కోటు యాక్రిలిక్‌తో వేసుకోవచ్చు, గంటలో ఆరుతుంది. యాక్రిలిక్ మీద ఆయిల్ వెయ్యొచ్చు, ఆయిల్ మీద యాక్రిలిక్ మాత్రం ఎప్పుడూ వద్దు.

5. గీసేముందు బొమ్మని చదవండి

పెన్సిల్ పట్టేముందు ఒక పూట దీనికే కేటాయించండి. 5 సెంటీమీటర్ల ఎత్తు, ఆరున్నర వెడల్పుతో చిన్న గళ్ళు గీసి, ఒక్కో గడిలో బొమ్మని మూడే టోన్లలో పెట్టండి, తెలుపు, మధ్య గ్రే, నలుపు. ముక్కూ ముఖం ఏమీ వద్దు, మచ్చలు మాత్రమే.

బొమ్మలో ఏముందో చూడండి. మధ్యలో నోరు తెరిచిన హిప్పో, దాని కాళ్ళ కింద మొసలి, పైన ముందుకాళ్ళు ఎత్తిన గుర్రాల మీద తలపాగాలు చుట్టిన ముగ్గురు వేటగాళ్ళు, నేల మీద పడిపోయిన ఇద్దరు మనుషులు, సందుల్లో వేటకుక్కలు. బల్లేలన్నీ పైనుంచి హిప్పో వైపే దిగుతుంటాయి. నేల గీత చాలా కిందకి ఉంటుంది, అందుకే గుర్రాలు ఆకాశంలోకి లేచినట్టు కనిపిస్తాయి.

చూడాల్సింది ఈ లిస్ట్ కాదు, వెలుగు మచ్చలు ఒకదానికొకటి ఎలా అంటుకున్నాయన్నది. ఒక జంతువు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో నీడలో చాలాచోట్ల తెలీదు, వెలుగు ఒక ఒంటి మీంచి ఇంకో ఒంటి మీదకి పారుతుంది. మీ చిన్న గళ్ళలో విడివిడి మచ్చలు పదీ పదిహేను వచ్చాయంటే మళ్ళీ చెయ్యండి. నాలుగైదు పెద్ద మచ్చలకి దిగేదాకా ముందుకెళ్ళొద్దు.

6. డ్రాయింగ్, ఏ వరసలో

కాన్వాస్ మీద మూలల నుంచి మూలలకి రెండు గీతలు, మధ్యలో ఒక నిలువు, ఒక అడ్డం. రిఫరెన్స్ ప్రింట్ మీద కూడా ఇవే గీతలు. చిన్న చిన్న గళ్ళ గ్రిడ్ వెయ్యొద్దని చెప్తాను, గడిగడికీ కాపీ కొడితే గీతలు కరెక్ట్‌గానే వస్తాయి కానీ ఒంట్లో ఊపు చచ్చిపోతుంది.

వరస ఇది:

1. హిప్పో ఒంటి పెద్ద ఆకారం, తర్వాత నోటి త్రికోణం
2. మొసలి ముక్కు నుంచి తోక దాకా ఒకే ఒక్క ఊపులో గీత
3. బల్లేల గీతలు, స్కేల్ పెట్టి తేలిగ్గా
4. గుర్రాల మెడ, వీపు గీతలు, కాళ్ళు తర్వాత
5. వేటగాళ్ళ భుజాల వాలు, మొండెం తిరిగిన వైపు
6. నేల మీది ఇద్దరు
7. కుక్కలు
8. చివర్లో చెట్లూ, నేల గీత

ముఖాలు ఈ స్టేజ్‌లో కోడిగుడ్డు ఆకారమూ, కళ్ళ గీతా చాలు.

చేతులూ డెక్కలూ కష్టంగా ఉంటే వాటి వరకు ట్రేసింగ్ వాడుకోండి, తప్పేం లేదు. పేపర్ వెనక చార్‌కోల్ రుద్ది ముందు నుంచి గీస్తే అచ్చు దిగుతుంది. అంతా అయ్యాక పల్చటి రా అంబర్‌తో గీతల మీద వెళ్ళి, ఆరాక చార్‌కోల్ పొడి దులిపేయండి, లేకపోతే పై రంగులన్నీ మసిబారతాయి.

ఇక్కడ ఆగి చెక్ చేసుకోండి:

- బల్లేల గీతల్ని పొడిగిస్తే ప్రింట్‌లో చేరినచోటే ఇక్కడా చేరుతున్నాయా
- కాన్వాస్‌ని తలకిందులు చేస్తే బరువు ఒక పక్కకి ఒరుగుతోందా
- హిప్పో కాలికి నాలుగు వేళ్ళు, మొసలికి ముందు ఐదు, వెనక నాలుగు వేళ్ళకి చోటుందా
- అద్దంలో చూస్తే గుర్రాల మెడలు విరిగినట్టున్నాయా

7. బ్రౌన్ లేయర్

ఇదే బొమ్మకి వెన్నెముక, దీని మీద ఎంత టైమ్ పెట్టినా వృథా కాదు. రా అంబర్, బర్న్ట్ అంబర్ రెండే రంగులు, టర్పెంటైన్‌తో పల్చగా. 12 నంబర్ బ్రష్‌తో నీడలన్నీ ఒకే కూర్చుడులో నింపేయండి, హిప్పో పొట్ట కిందా, గుర్రాల మధ్యా, పడిపోయినవాళ్ళ చుట్టూ.

వెలుగు ఉన్నచోట గుడ్డతో తుడవండి. హిప్పో వీపు మీద గుడ్డ చుట్టిన వేలితో ఒక్క లాగు లాగితే గుండ్రం అదే వస్తుంది. తుడిచిన చోట కింది గ్రే-బ్రౌన్ చారలు బయటపడతాయి, అవి మీ మధ్య టోన్, వాటిని చెడగొట్టొద్దు.

అంబర్ రంగులు త్వరగా ఆరతాయి, మామూలు వాతావరణంలో రెండు మూడు రోజుల్లో. వైజాగ్, కాకినాడ వైపు వానాకాలంలో ఇంకో రెండు రోజులు కలుపుకోండి. వేలు ఆనిస్తే అంటకూడదు, అప్పుడే తర్వాతి స్టెప్.

8. తెలుపుతో వెలుగులు లేపడం

వైట్‌లో కాస్త ఓకర్, కాస్త బ్లాక్. ఈ ఒక్క మిశ్రమంతో వెలుగు పడ్డ చోట్లు మాత్రమే వెయ్యండి, నీడల్ని ముట్టుకోవద్దు. బాగా వెలుగున్న చోట మందంగా, నీడ వైపు వెళ్ళేకొద్దీ పల్చబడుతూ.

ఈ పల్చబడే చోటే అసలు మ్యాజిక్. బ్రౌన్ మీద పల్చటి తెలుపు పడితే అది దానంతట అదే నీలం-గ్రేగా కనిపిస్తుంది. రూబెన్స్ ఒంటి రంగుల్లో ముత్యంలా మెరిసే ఆ గ్రే ఎక్కువగా అలా వచ్చిందే, దానికోసం ప్యాలెట్ మీద ఏదో స్పెషల్ రంగు కలపక్కర్లేదు.

అన్ని చోట్లా ఒకేసారి తిరగండి. ఒక చోట ఐదు నిమిషాల కంటే ఉండొద్దు, టైమర్ పెట్టుకున్నా నవ్వేవాళ్ళెవరూ లేరు. దీన్ని ఒక వారం ఆరనివ్వండి.

9. రంగులు

ఇప్పుడు కలర్ ప్రింట్ బయటికి తియ్యండి. వెనక నుంచి ముందుకి రండి.

ఆకాశం: వైట్, కొంచెం అల్ట్రామెరీన్, చిటికెడు బ్లాక్, పల్చగా. గుర్రాల అంచుల దగ్గర ఆకాశాన్ని తడిగా ఉండగానే గుర్రంలోకి కాస్త లాగండి, అంచు మెత్తబడుతుంది.

హిప్పో: బ్లాక్, బర్న్ట్ సియెన్నా, వైట్. మడతల దగ్గర బర్న్ట్ సియెన్నాలో వైట్, కాస్త అలిజరిన్, అక్కడ గులాబీ ఛాయ వస్తుంది. తడి మెరుపుకి నీలం ట్యూబ్ వైపు చెయ్యి పోనివ్వకండి, బ్లాక్‌లో వైట్ కలిపిన ఉత్త గ్రే ఆ బ్రౌన్ పక్కన నీలంగానే కనిపిస్తుంది. చర్మం మీద బ్రష్‌ని ఒంటి గుండ్రం వెంబడి తిప్పండి, పొడుగునా లాగితే హిప్పో బియ్యం బస్తాలా చదునైపోతుంది. నోటి లోపల అలిజరిన్, బర్న్ట్ అంబర్‌తో ముదురు పెట్టి, పెదవి అంచుకి వచ్చేసరికి వెర్మిలియన్, వైట్. దంతాలకి ఉత్త తెలుపు వద్దు, నేపుల్స్ యెల్లో, ఓకర్ వెయ్యండి, కొస మీద ఒక్క చుక్క వైట్.

మొసలి: అల్ట్రామెరీన్, ఓకర్, బర్న్ట్ అంబర్. పొలుసులు ఒక్కొక్కటీ గీయడం మొదలుపెడితే మీరు పోయినట్టే. వీపు మీద వరసలు ఎటు వెళ్తున్నాయో నాలుగైదు గీతల్లో చూపించి, వెలుగు తగిలే చోట మాత్రం పది పన్నెండు పొలుసులు మందపాటి రంగుతో చుక్కలు పెట్టండి, మిగతావి చూసేవాళ్ళ కన్నే నింపుకుంటుంది.

గుర్రాలు: లేత ఒళ్ళున్న చోట నేపుల్స్ యెల్లో, వైట్, నీడలో కింది బ్రౌన్ అలాగే వదిలెయ్యడం. ముదురు చోట బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్. జూలు ఒక్కో వెంట్రుకగా కాదు, ముద్దలుగా. కన్ను దగ్గర మాత్రం ఆగండి, భయపడ్డ గుర్రం కంట్లో తెలుపు ఒక పక్క బయటపడుతుంది, అది తేలిపోతే గుర్రం వేటలో ఉన్నట్టుండదు, పెళ్ళి ఊరేగింపులో ఉన్నట్టుంటుంది.

మనుషులు: వైట్, ఓకర్, వెర్మిలియన్. వెలుగు మందంగా, నీడ బర్న్ట్ సియెన్నాతో పల్చగా. వేళ్ళ మధ్య సందుల్లో, ముక్కు రంధ్రాల్లో, చెవి నీడలో బ్రౌన్ బదులు వెర్మిలియన్ కలిసిన ఎరుపు పెట్టండి. రూబెన్స్ అలవాటు ఇది, పెట్టి చూస్తే చెయ్యి రక్తం పారుతున్నట్టు ప్రాణంతో కనిపిస్తుంది. నేల మీద ఉన్నవాళ్ళ ఒంటికి గ్రే ఎక్కువ, గుర్రాల మీద ఉన్నవాళ్ళకి ఎరుపు ఎక్కువ వెయ్యండి.

బట్టలు: రిఫరెన్స్‌లో ఎరుపు ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టుకుని, ఇప్పటికి వెర్మిలియన్, ఓకర్‌తో మాత్రమే వెయ్యండి. ముదురు ఎరుపు తర్వాత గ్లేజ్‌లో, అంటే ఆరిన రంగు మీద వేసే పారదర్శకమైన సన్నటి పొరలో, వస్తుంది.

బల్లేలు: అన్నీ అయ్యాక చివర్లో. కర్ర మీద చెయ్యి ఆనించి, రిగ్గర్ బ్రష్‌లో పల్చటి రంగు నింపుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు. వంకరపోతే దిద్దకండి, గుడ్డతో తుడిచి మళ్ళీ లాగండి.

10. గ్లేజ్

రంగులు రెండు వారాలైనా ఆరాలి. అలిజరిన్‌లో లిన్సీడ్ ఆయిల్ కలిపి, ఎర్ర బట్టల నీడల మీద సన్నటి పొర. ఎక్కువైతే గుడ్డతో అద్దండి.

కింద పొరల్లో నూనె తక్కువ, పైకొచ్చేకొద్దీ ఎక్కువ, ఈ వరస తిరగబడితే కొన్నాళ్ళకి పగుళ్ళొస్తాయి. అలిజరిన్, ఐవరీ బ్లాక్ రెండూ నెమ్మదిగా ఆరే రంగులు, కాబట్టి వాటితో మందంగా వేసి దాని మీద వెంటనే ఇంకో పొర వెయ్యకండి.

11. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసుకోవడం

- బొమ్మంతా బురదగా ఉంది: నీడల్లో వైట్ కలిపారు. ఆరాక నీడల మీద బర్న్ట్ అంబర్, కొంచెం అల్ట్రామెరీన్‌తో పారదర్శకమైన పొర వెయ్యండి.
- వెలుగులు సున్నం కొట్టినట్టున్నాయి: ఉత్త వైట్ వాడారు. ఓకర్ గ్లేజ్ ఒకటి వేసి, బాగా వెలుగున్న నాలుగైదు చోట్ల మాత్రమే మళ్ళీ మందంగా వెయ్యండి.
- అన్నీ అంటించినట్టున్నాయి: అంచులన్నీ పదునుగా ఉన్నాయి. హిప్పో తలా, వెలుగులో ఉన్న చేతులూ, బల్లెం మొనలూ తప్ప మిగతా అంచుల్ని పొడి బ్రష్‌తో మెత్తబరచండి. రంగు ఆరిపోయి ఉంటే రెండు వైపుల రంగుల మధ్య టోన్ కలిపి అంచు మీద లాగండి.
- కుక్కలు ఎక్కువ కనిపిస్తున్నాయి: వాటి మీద డీటెయిల్ పెరిగింది, సగం డీటెయిల్ చెరిపేయండి. కుక్క పట్టు తెలిస్తే చాలు.
- వేటగాడు నవ్వుతున్నాడు: నోటి కొసలు పైకి తిరిగాయి. నోరు కాదు, కనుబొమల నీడ దిద్దండి, కోపం అక్కడే ఉంటుంది.
- ఎక్కడా కన్ను నిలవట్లేదు: అన్నిచోట్లా ఒకే మందం, ఒకే వెలుగు ఉన్నాయి. హిప్పో నోటి చుట్టూ ఉన్న అరచేయంత జాగా తప్ప మిగతా చోట్ల వెలుగులన్నీ ఒక మెట్టు దించండి. మనసుకి కష్టంగానే ఉంటుంది, ఐనా దించండి.

12. సంతకం, ఆరబెట్టడం, వార్నిష్

రూబెన్స్ 1640లోనే పోయాడు కాబట్టి బొమ్మ కాపీ చేసుకోవడానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. కానీ ముందు వైపు ఆయన సంతకం మాత్రం పెట్టకండి. కాన్వాస్ వెనక "రూబెన్స్ బొమ్మకి కాపీ" అని రాసి మీ పేరు, సంవత్సరం వెయ్యండి, రేపు అమ్మినా ఎవరూ వేలెత్తి చూపకుండా ఉంటుంది.

ఆరేటప్పుడు బొమ్మని గోడకి ఆనించొద్దు, వెనక గాలాడాలి, కోస్తా ఊళ్ళలో ఐతే వెనక బూజు పడుతుంది. ముఖం గోడవైపు తిప్పి, నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి పెడితే దుమ్ము కూడా పడదు. నేరుగా ఎండ తగలనివ్వకండి, అలాగని పూర్తి చీకటి గదిలో పెట్టినా లిన్సీడ్ ఆయిల్ పసుపెక్కుతుంది.

వార్నిష్‌కి కనీసం ఆరు నెలలు ఆగండి. మందంగా వేసిన దంతాల మీద, గుర్రం వెలుగుల మీద గోరుతో మెల్లగా నొక్కి చూడండి, మెత్తగా దిగితే ఇంకా టైమ్ ఉందని. వేసే రోజు ఫ్యాన్ ఆపేసి, బొమ్మని టేబుల్ మీద పడుకోబెట్టి, వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో పల్చగా ఒకే దిశలో లాగండి. ఒకసారి వెళ్ళిన చోటికి వెనక్కి రావద్దు, వార్నిష్ పట్టు కట్టడం మొదలయ్యాక బ్రష్ తగిలితే ఆ చార ఉండిపోతుంది.